మంత్రగాని ఎంబడి గిరిరాజ కోడి

నాకు అన్నిటికన్న ఎక్కువ భయం ఏందంటే, మా ఆయనకు ఏమన్న అయితే అది అందరికన్న ఆఖరుకు నాకు తెలుస్తది.

ఊకెనే అంటలేను. ఆయన మస్కట్ పోయి మూడేండ్లాయె. ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్న అంటడు. దవడపన్ను పీకిచ్చుకున్న నాడు గూడ నోట్లె దూది పెట్టుకొని బాగున్న అన్నడు. "నోట్లె ఏందయ్యా?" అంటే "వక్కపొడి" అన్నడు. గా సంగతి నెల దినాలకు వేరే వాళ్ళ నోట ఇన్న.

బిల్డింగులు కట్టేటప్పుడు బయటి దిక్కు ఇనుప పైపులు బిగించి పలకలు పరుస్తరు, కూలోళ్ళు నిలబడేటందుకు. స్కాఫోల్డింగ్ అంటరు. మా ఆయనది గా పని. ఆయన బిగిస్తేనే మిగిలినోళ్ళు ఎక్కుతరు. అంటే ఎంత ఎత్తయినా అందరికన్న ముందు ఎక్కేది ఆయనే. గది తలుచుకుంటే నేను ఇక్కడ చొప్పదండిల మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు గూడ పిట్టగోడ దిక్కు పోను.

ఇంట్ల నేను, మా అత్త ఐలవ్వ, నాలుగేండ్ల నా బిడ్డ జమున ఉంటం. నేను తొమ్మిదిల ఉండంగ మా అవ్వకు పానం బాగలేక బడి బందు పెట్టిచ్చిన్రు. చదువు ఆగింది గని భయపడుడు ఆగలే. అది నేను సొంతంగ నేర్చుకున్న.

పోయిన ఏడాది ఎండాకాలం పోంగ ఒక రోజు వాహెద్ ఫోన్ చేసిండు. వాహెద్‌ది ఆసిఫాబాద్. మస్కట్‌ల క్రేన్ నడుపుతడు, మా ఆయన గదిలనే ఉంటడు.

"భాభీ, జర పరేషాన్ కావద్దు," అన్నడు.

గా మాట ఇన్నంక పరేషాన్ కానోళ్ళు ఎవలుంటరు? నేను అప్పటికే గోడ పట్టుకున్న.

"ఏమయిందన్నా?"

"ఏం కాలే. గదే, ఏం మాట్లాడ్తలేడు. డ్యూటీ నుంచి వస్తడు, గోడ దిక్కు మలిగి పంటడు. బువ్వ సగం ఇడిసిపెడుతుండు. ఏందిర భాయ్ అంటే బాగున్న అంటడు. నెల దినాలాయె. శుక్రారం నాడు ఆటల మాత్రమే నోరు తెరుస్తుండు."

"ఏం ఆట? పేక పత్తాలా?"

"తోబా! పత్తాలు కాదు భాభీ, కథల ఆట."

వాహెద్‌కు గా ఆట ఎవరో ఫిలిప్పీన్ మనిషి నేర్పిండట. వాహెద్ కథ నడుపుతడు. ఆడేటోళ్ళు ఒక్కొక్కలు కథల ఒక్కో మనిషయి, నేను గిట్ల చేస్త, నేను గట్ల చేస్త అని చెప్తరు. అయిందా కాలేదా అన్నది ఇరవై ముఖాల పాచిక ఏసి చూస్తరు. వాళ్ళ గదిలనే ఉండే మందమర్రి పరశురాములు కథల కత్తి తిప్పెటోడు. మా ఆయన మంత్రగాడు. పాము బొమ్మ ఉంటే పేపరు మలిచి అవతల పెట్టే మనిషి, మంత్రగాడట!

"మంత్రగానికి ఒక పిట్టనో జంతువో ఎంబడి ఉంటది భాభీ," అన్నడు వాహెద్. "మంత్రంతోని వచ్చిన జీవి. ముంగట ఏమున్నదో చూసి వస్తది, ఆపదుంటే చెప్తది. మంత్రగాడు దాన్ని నమ్మాలె, అది మంత్రగాన్ని కాపాడాలె. మీ ఆయనకు గుడ్లగూబను ఇచ్చిన. దాని మాట నేనే మాట్లాడుతున్న. ఒక్కటంటే ఒక్క మాట ఇంటలేడు. దాన్ని సంచిల కుక్కి తిరుగుతుండు. గిట్లయితే మంత్రగాడు చస్తడు. చచ్చినోడు కథ ఒడిసేదాక మల్ల ఆటలకు రావద్దు, అది మా కట్టుబాటు. ఇగ గా ఒక్క పూట మాట గూడ బందయితది. గా గుడ్లగూబ మాటలు నువ్వు మాట్లాడు భాభీ, ఫోన్ల నుంచి. నీ మాటయితే ఇంటడు."

"నా మాట ఇంటడని నీకెవలు చెప్పిన్రన్నా?" అన్న.

ఫోను స్పీకరుల ఉన్నది. మా అత్త చాటల బియ్యం ఏరుకుంట సగం సగం ఇంటుంది. "గుడ్లగూబనా? శుక్రారం పూట ఇంట్ల గుడ్లగూబ మాటలా? పెట్టెయ్యవే ఫోను!"

నేను మొత్తం చెప్పిన. కొడుకు బువ్వ సగం ఇడిసిపెడుతుండు అన్నకాడ ఆమె చేతిల బియ్యం ఆగినయి. అటెంక ఫోన్ గుంజుకున్నది.

"ఆడుతది గని గుడ్లగూబ వద్దు."

"పిల్లి పెడుదామా అవ్వా?"

"ఎదురొస్తే మంచిది కాదు."

"కాకి?"

"వాని బాపు పిండం ముట్టిన కాకిని నా కొడుకు సంచిల కుక్కుతడా?"

పాము నేనే వద్దన్న. తొండ అంటే జమున ఏడ్సింది. ఆఖరుకు మా అత్త తెంపేసింది. "కోడి. గిరిరాజ కోడి. బలంగ ఉంటది, రోగం రాదు, ఎవ్వలేమనరు."

అవతల వాహెద్ అన్నడు, "అవ్వా, అది ఎగురది గదా."

"నా కొడుకు ఎగురుతడా?"

పాచిక కాడ గూడ పేచీ వచ్చింది. పాచిక మస్కట్‌ల ఉంటే ఎంత పడ్డదో మనమెట్ల నమ్మాలె అన్నది మా అత్త. ఆమె వయసుల ఉన్నప్పుడు పచ్చీసు గవ్వలాటల మూడూర్లను ఓడగొట్టిందట. అందుకని కోడి వంతు వచ్చినప్పుడు ఇక్కడ ఆమె గవ్వలెయ్యాలె. ఆరు గవ్వలల్ల నాలుగన్న ఎల్లకిల పడితే కోడి గెలిచినట్టు. వాహెద్ ఒప్పుకున్నడు. ఒప్పుకోక ఏం చేస్తడు?

మొదటి శుక్రారం. అక్కడ వాళ్ళకు నమాజు, భోజనాలు అయినంక, ఇక్కడ మాకు నాలుగు గొట్టంగ మొదలు పెట్టినం. ఫోను పిండిడబ్బకు ఆనిచ్చి పెట్టిన. మా ఆయన మొఖం కనబడ్డది. కండ్ల కింద నల్లగున్నది.

"నువ్వెందుకొచ్చినవే?" అన్నడు.

"నేను నీ కోడిని."

ఆయన వాహెద్ దిక్కు చూసిండు. వాహెద్ కప్పు దిక్కు చూసిండు.

"నమస్తే వదినె," పక్క నుంచి పరశురాములు తల పెట్టిండు. "కోడి ఎన్ని కిలోలుంటది?"

"ఎందుకు తమ్మీ?"

"ఊకెనే. అడివిల తిండి ఒడిస్తే అడుగుతున్న."

మా అత్త గవ్వలు పక్కన పెట్టింది. "ఎవడ్రా వాడు? మందమర్రిల ఎవల పిలగానివి? మీ అవ్వ పేరు చెప్పు." పరశురాములు తల మల్ల కనబడలే.

వాహెద్ గొంతు మార్చి మొదలు పెట్టిండు. పాత కోట, గోడ కింద సొరంగం, సొరంగంల చీకటి. "కోడి ఏం చేస్తది?"

"లోపల నీళ్ళున్నయా అన్నా?"

"లేవు."

"తేళ్ళు?"

"ఉండచ్చు."

"ఆయన చెప్పులేసుకున్నడా?"

వాహెద్ తన కథ పుస్తకం తిరగేసిండు. "బూట్లేసుకున్నడు."

"బూట్లు దులిపిండా ఏసుకునేటప్పుడు?"

సొరంగం మూతికాడనే అర్ధగంట పోయింది. లోపలికి పోయినంక నేను చన్నీళ్ళు తాగొద్దని, గోడకు ఆనుకోవద్దని, పరశురాములు ముంగట నడవాలని చెప్పిన. ఆయన మూతి కొస జర కదిలింది. నవ్వు అనరాదు గని, కదిలింది. నేను చూసిన.

రెండో శుక్రారం రాక్షసుడు వచ్చిండు. తాటిచెట్టంత ఎత్తు, చేతిల గద. దారికి అడ్డం నిలబడ్డడు. పరశురాములు నా వంతు నా వంతు అని దుంకుతుండు. అంతల్నే కోడి వంతు వచ్చింది. మా అత్త మెల్లగ అన్నది, "ముందుగాల తిన్నడా లేదా అడుగు."

అడిగిన. మా అత్త గవ్వలేసింది. ఆరు గవ్వలు ఎల్లకిల.

ఫోన్ల వాహెద్ గవ్వలను చూసిండు, తన పుస్తకం చూసిండు, మల్ల గవ్వలను చూసిండు. "రాక్షసుడు గద కింద పెట్టిండు," అన్నడు. "మూడు వందల ఏండ్ల సంది ఎవ్వలు గా మాట అడగలేదట. ఏడుస్తుండు."

"అయ్యో," అన్నది మా అత్త. "జొన్నరొట్టె పెట్టు."

"వదినె!" పరశురాములు ఒర్రిండు. "మూడు వారాల సంది కత్తి నూరుకుంట కూసున్న వదినె!"

మా ఆయన నవ్విండు. పండ్లు కనబడేటట్టు నవ్విండు. నేను ఆ రోజు గ్యాసు బందు చేసిన్నా లేదా అని ఒక్కసారే చూసి పన్న.

గని మూడో శుక్రారం నాకొకటి కనబడ్డది. కథల ఒక గుట్ట వచ్చింది. అందరు ఎక్కిన్రు, ఆయన చుట్టు తిరిగి వచ్చిండు. నిచ్చెన వచ్చింది. "నేను కింద్నే ఉంట, కోడితోని," అన్నడు.

"కోడికి మంత్రగాడు కాపలానా, మంత్రగానికి కోడి కాపలానా?" అన్నడు పరశురాములు.

నా ఎంబడి ఉంటుండని మొదలు నాకు సంబురమే అయింది. తరువాత వాహెద్ అన్నడు, "మంత్రగాని మనసుల ఏదన్న ఫికర్ ఉంటే కోడికి తెలుస్తది. గవ్వలెయ్యుండ్రి." అయిదు పడ్డయి. "తెలుస్తుంది భాభీ. ఏం తెలుస్తుందో నువ్వే చెప్పు."

నేను ఫోన్ల ఆయన మొఖం దిక్కు చూసిన. కండ్లు ఎటో చూస్తున్నయి. అయిదు గవ్వలు పడ్డా నాకేం తెలువలే.

"నాకేం తెలుస్తలేదన్నా," అన్న.

"ఏం లేదు గనకనే తెలుస్తలేదు," అన్నడు ఆయన.

నాలుగో శుక్రారం బురుజు. ఏడంతస్తులు. పైన పెట్టె ఉన్నదట, మంత్రగాడు తెరిస్తేనే తెరుసుకుంటదట. ఇగ ఆయనకు తప్పలే. కోడి మెట్లెక్కదు గనక నేను కింద నేల మీద ఉన్న. ఒక్కో అంతస్తు ఎక్కుతున్నకొద్ది ఆయన గొంతు చిన్నగయింది. మూడో అంతస్తుల ఆగిండు.

"మెట్లకు నిప్పంటుకున్నది," అన్నడు వాహెద్. "పరశురాములు పైనున్నడు. నువ్వు పైకి పోతవా, కిందికి దుంకుతవా?"

ఆయన పాచికను అవతలికి నూకిండు.

"పాచిక ఎయ్యి భాయ్."

"ఎయ్య."

"కిందికన్న చూడు."

"చూడ."

"ఆట గదనే అన్నా," అన్నడు పరశురాములు. "ఒక్కసారి ఏసేయరాదా?"

"నాకు చేతనైతలేదు." ఆయన చేతులు తొడల కింద పెట్టుకున్నడు. నొసటి మీద చెమట. గదిల ఏసీ ఉంటది, నాకు ఎరికే.

వాహెద్ గొంతు మామూలయింది. "ఒక్కటే తొవ్వ. కోడి నేల మీదున్నది. అది యజమానిని పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే, ఎక్కడున్నా దాని పక్కకు వచ్చి నిలబడతడు. పిలువు భాభీ. మంట దగ్గరికొస్తుంది."

నేను ఆయన పేరు ఎన్నడు తియ్యలే. నా ఈడోళ్ళు పేరు పెట్టే పిలుసుకుంటరు, ఎవల ఇష్టం వాళ్ళది. నాకు మాత్రం మొగని పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతదని మా అవ్వ చెప్పింది. జమున పుట్టినప్పుడు దవాఖానల భర్త పేరు అడిగితే అరచేతిల రాసి చూపిచ్చిన. పైపుల మీద నిలబడి పని చేసే మనిషి ఆయుష్షుతోని నేను ఆటలాడుతనా?

"జమున వాళ్ళ బాపూ!" అన్న.

"కాదు భాభీ. పేరు."

"ఓ మస్కటాయనా!"

"ఇక్కడందరం మస్కటోళ్ళమే వదినె," అన్నడు పరశురాములు.

"ఐలవ్వ కొడుకా!"

"నాకు ముగ్గురు కొడుకులు," అన్నది మా అత్త. "ఎవలస్తరు?"

"మంత్రగానికి వేరే పేరు లేదా అన్నా?"

"పెట్టుకొమ్మన్న. వేరే పేరు పెడితే అది నేనని ఎట్ల తెలుస్తది అన్నడు."

మా అత్త ఫోన్ గుంజుకున్నది. "కరుణాకరా! ఒరేయ్ కరుణాకరా! దిగు కిందికి! ఎందుకెక్కినవురా?"

"అవ్వా, నువ్వు కోడివి కాదు," అన్నడు వాహెద్.

"కోడిని పెట్టిందే నేను!"

"పెట్టింది నువ్వే. కోడి మాత్రం భాభీ."

ఆమె నా దిక్కు మలిగింది. "పిలువరాదే."

"నీ ముంగటనా అత్తమ్మా?"

"నేను ఇన్న. ఇగో." రెండు చెవులు మూసుకున్నది. కండ్లు గూడ ఎందుకు మూసుకున్నదో తెలువది.

"ఆయుష్షు తగ్గుతదట అత్తమ్మా."

చెవులు మూసుకున్న మనిషి టక్కున జవాబిచ్చింది. "నాది బగ్గ ఉన్నది, అండ్ల నుంచి తీసుకొమ్మను. ఒర్రు!"

మొదటిసారి పెదవులే కదిలినయి, సప్పుడు రాలే. జమున పకపక నవ్వింది. రెండోసారి వచ్చింది గని ఎవలకో చెవిల చెప్పినట్టు వచ్చింది. "అది లెక్కకు రాదు," అన్నడు వాహెద్. ఇగ నేను కండ్లు మూసుకొని, బాయి మీద నిలబడి పిలిచినట్టు, ఒకటి ఎంబడి ఒకటి మూడుసార్లు పిలిచిన. పక్కింటి కమలవ్వ గోడ మీదికెళ్ళి తల పెట్టింది. "ఎవలకేమయిందే? అంబులెన్సు పిలువాల్నా?"

కండ్లు తెరిచి చూస్తే ఫోన్ల ఎవ్వలు కదులుతలేరు. నెట్టు ఆగిందనుకున్న.

"దిగిన," అన్నడు ఆయన.

వాహెద్ ఇంకా ఏం చెప్పనే లేదు. ఆయనే అన్నడు. "దిగిన. కాళ్ళు నేలకు తాకినయి." తొడల కింద నుంచి చేతులు తీసి మొఖం తుడుసుకున్నడు. అటెంక మామూలు గొంతుతోని అన్నడు, "నవనీతా, నిజంగ గూడ గిట్లనే అయితుందే. రెండు నెలల సంది పైకెక్కుడు నాకు చేతనైతలేదు."

పరశురాములు లేచి ఆయన ముంగట నీళ్ళ సీసా పెట్టిండు.

మెల్లమెల్లగ చెప్పిండు. ఒకనాడు ఆయన కండ్ల ముంగటనే ఒకతని కాళ్ళ కింది పలక జారింది. బెల్టు ఉన్నది కాబట్టి గాలిల ఏలాడిండు, ఏం కాలే, మూడు నిమిషాలల్ల పైకి గుంజిన్రు. అతడు తెల్లారి మామూలుగ పనికొచ్చిండు. ఈయనకే అప్పటిసంది మూడో అంతస్తు దాటంగనే మోకాళ్ళు వణుకుతయి. బెల్టు రెండు కాడల కట్టుకొని, కండ్లు సగం మూసుకొని పైపులు బిగిస్తుండు. చెప్తే ఇంటికి పంపుతరని ఎవ్వలకు చెప్పలే.

"నాకన్న చెప్పకపోతివా?" అన్న.

"నీకు చెప్తే నువ్వు పండవు."

"నువ్వు చెప్పకున్నా నేను పంటలేను గదయ్యా!"

"గది నిజమేరా," అన్నది మా అత్త, ఇంకా చెవుల మీద చేతులు తియ్యకుంటనే. "రాత్రంత దర్వాజ గొళ్ళెం చూసుకుంట తిరుగుతది, నన్ను పండనియ్యది."

వాహెద్ పాచిక జేబుల ఏసుకున్నడు. "నేను క్రేన్ డబ్బల మొదటి ఏడాది మొత్తం కిందికి చూడకుంట నడిపిన భాయ్," అన్నడు. "నన్ను అడుగుతే చెప్పకపోదునా?"

తెల్లారి వాహెద్ ఆయన్ను పట్టుకపోయి ఫోర్‌మన్‌తోని మాట్లాడిండు. గా ఫోర్‌మన్ మంచోడు. కింద స్టోరుల పైపులు, బిగింపులు అందించే పని ఇచ్చిండు. ఆయన బువ్వ మొత్తం తినుడు మొదలు పెట్టిండు.

ఆట గూడ నడిచింది. ఇప్పుడు ఇంకో తిప్పలు. ఆయన కోడిని నమ్ముడు ఎక్కువయింది. తలుపు తెరువాలన్నా కోడిని అడుగుతడు, నీళ్ళు తాగాలన్నా కోడిని అడుగుతడు. నేను సరిగ చెప్పేదాక కదలడు. "కోడిని అడగకుంట పొదల చాటుకు గూడ పోతలేడు వదినె," అని పరశురాములు మొత్తుకున్నడు. "మేం పెట్టె తెరిచేసరికి నాకు ముసలితనం వస్తది." ఏడు నెలలు ఆడినం. పెట్టెల ఏముండె అంటే, ఇంకో పెట్టె. వాహెద్ కథలు గట్లనే ఉంటయి.

గిదంత బాగనే ఉన్నది. ఇప్పుడు ముచ్చటేందంటే, వాహెద్ తన చెల్లె నిషాత్ పెండ్లికని ఆసిఫాబాద్ వచ్చిండు, రెండు నెలల సెలవు. పరశురాములును సోహార్ దిక్కు వేరే పనికి పంపిన్రు. ఆట బందయి నాలుగు శుక్రారాలాయె. గా మంచి ఫోర్‌మన్ పోయి కొత్తాయన వచ్చిండట. గదిల ఆయన ఒక్కడే తెలుగు మనిషి.

పోయిన రెండుసార్లు ఫోన్ చేస్తే అవతల గాలి సప్పుడు బగ్గ ఇనబడ్డది. గాలితోని పాటు ఇనుము మీద ఇనుము తాకిన సప్పుడు. "స్టోరుల గంత గాలి ఎక్కడిది?" అన్న. "ఫ్యాను," అన్నడు. నేను ఆయన పేరు పెట్టి పిలిచిన, మూడుసార్లు, గట్టిగనే. ఫోన్ కట్టయింది. మల్ల ఎత్తలే. తెల్లారి మెసేజి పెట్టిండు, చార్జింగు లేకుండె అని.

మీ వాళ్ళు ఎవలన్న మస్కట్‌ల ఉంటే, ఘలా దిక్కు నీలం గేటున్న క్యాంపు, రెండో లైను, పదకొండో గది. చొప్పదండి కరుణాకర్ అంటే చెప్తరు. వచ్చే శుక్రారం జర పోయి చూసి రమ్మనుండ్రి. పని కింద చేస్తుండా పైన చేస్తుండా అని ఆయన్ను అడగొద్దు, పక్కోళ్ళను అడగమనుండ్రి. అరచేతులు గూడ చూడమనుండ్రి, పైపులు బిగించినోళ్ళ చేతులు తెలుస్తయి. చూసినంక నాకు ఒక్క ఫోన్ చెయ్యమనుండ్రి. ఎప్పుడు చేసినా ఎత్తుత.